బావ దిగవలసిన రాయి

ఆ ఎండాకాలం మా ఇంట్లో రాయి అనే మాట ఎత్తడానికి లేదు. అన్నంలో మట్టిబెడ్డ తగిలి పన్ను కలుక్కుమన్నా మా బావ కిమ్మనకుండా మింగేసేవాడు గానీ, పంటి కింద ఏం పడిందో పైకి అనేవాడు కాదు. ఎందుకంటే ఆ రాయిని తయారుచేస్తున్నది నేను. దాని మీద దిగవలసినవాడు ఆయన.

రాయంటే ఆకాశంలో రాయి. భూమికి దగ్గరగా వచ్చి పోయే బుల్లి గ్రహశకలం. ఓ నాలుగంతస్తుల మేడంత ఉంటుందేమో, అంతే. వానలు పట్టాక అది మన పక్కనుంచి పోతుంది. పోయేటప్పుడు ఒక ఓడ వెళ్ళి, దానికి అతుక్కుని, గుప్పెడు మట్టి తీసుకురావాలి. మళ్ళీ అది ఇటు వచ్చేసరికి మాలో ఎవరం మిగలం. ఓడలో ఒక్కరికే చోటు. ఆ చోటు కోసం పోటీలో ఇద్దరు పైలట్లు, ఒకరు మా బావ, ఇంకొకరు చిట్టి. చిట్టి అంటే చిన్నవాడనుకునేరు, గుమ్మంలోంచి వంగి రావలసిన మనిషి.

వాళ్ళిద్దరూ ఆ ప్రయాణాన్ని నేల మీదే నేర్చుకోవడానికి ఒక పెద్ద షెడ్డులో సిమ్యులేటర్ ఉండేది. ఒక కుర్చీ, చేతికి ఒక స్టిక్, చుట్టూ తెరలు. మా అక్క దానికి పెట్టిన పేరు ఉత్తుత్తి ఓడ. ఆ ఉత్తుత్తి ఓడ ముందు కనిపించే రాయిని తయారుచెయ్యడం నా ఉద్యోగం. రాడార్లు పంపిన కొలతలు తీసుకుని గుంటకు గుంట, గడ్డకు గడ్డ పేర్చి, అది ఎంత మెల్లగా తిరుగుతుందో, ఓడను ఎంత బలంగా తన వైపు లాగుతుందో అన్నీ కంప్యూటర్లో పోస్తాను. అసలా లాగడమంటూ ఉంటేగా! ఇక్కడ ఏనుగంత బరువుండే ఓడ అక్కడ నిమ్మకాయంత కూడా తూగదు.

ఇక గోడ సంగతి. రాయి చేసేవాళ్ళకూ దాని మీద దిగేవాళ్ళకూ మధ్య మా దగ్గర ఒక కనబడని గోడ ఉంటుంది. పరీక్ష అయ్యేదాకా ఆ రాయి గురించి ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోకూడదు. దిగేవాడు ఎక్కడ తప్పుతున్నాడో మా తెర మీది గీతల్లో స్పష్టంగా కనిపిస్తున్నా సరే, నోరు విప్పకూడదు. శిక్షణ నడిపే ఆవిడ పెట్టిన నియమం అది. ఒక్కరోజైనా బళ్ళో పాఠం చెప్పి ఎరగదు గానీ, ఆవిణ్ణి అందరం హెడ్మాస్టరమ్మ అనేవాళ్ళం. "పైకెళ్ళాక ఆ రాయి వీళ్ళకి సలహాలిస్తుందా? తన తప్పు తను పట్టుకోలేనివాణ్ణి నేను పంపను," అనేది. తక్కినవాళ్ళు సాయంత్రానికి ఎవరి కొంపకు వాళ్ళు పోతే గోడ షెడ్డులోనే ఉండిపోయేది. నా ఖర్మకొద్దీ నేను ఉంటున్నది అక్కాబావల ఇంట్లో. మా గోడ వచ్చి భోజనాల బల్ల మీద నిలబడేది.

బావ చేస్తున్న తప్పేమిటో మొదట్లోనే నాకు తెలిసిపోయింది. ఏళ్ళ తరబడి హెలికాప్టర్లు నడిపిన చెయ్యి అది. నేల తగలగానే పట్టు వదిలేస్తుంది. మిగతా పని హెలికాప్టర్ బరువే చూసుకుంటుంది. రాయి మీద ఆ బరువెక్కడిది? ఓడ కాళ్ళు తగిలాక కూడా స్టిక్‌ని మెత్తగా ఒత్తి పట్టుకునే ఉండాలి, అడుగునున్న కొక్కేలు రాతిలోకి దిగేదాకా. ఇది పుస్తకంలో ఉన్న సంగతే, బావకు కంఠతా వచ్చు. కానీ తన చెయ్యి వదిలేస్తోందని ఆయనకే తెలియదు. ఒత్తి పట్టుకున్నాననే అనుకునేవాడు పాపం.

ఓడ వచ్చి రాయికి తగిలేది. తగిలిన మరుక్షణం మెల్లగా, ఏ తొందరా లేకుండా, పైకి తేలిపోయేది.

"మళ్ళీ," అనేది మైకులో హెడ్మాస్టరమ్మ.

మళ్ళీ తగిలేది, మళ్ళీ తేలిపోయేది. చిట్టి కూడా మహా గొప్పగా ఏం దిగేవాడు కాదు గానీ, అతుక్కునేవాడు. పోటీలో కావలసింది అదే. కుర్చీ దిగి వచ్చేటప్పుడు బావ చొక్కా వీపు తడిసి ఉండేది. నా గాజుగది ముందునుంచే పోయేవాడు, నా వైపు చూసేవాడు కాదు. నేనూ తల వంచుకుని ఏదో టైపు చేస్తున్నట్టు నటించేదాన్ని.

ఒకరోజు మీటింగులో అందరి ముందూ అనేశాడు. "రాయిలో తప్పుంది. నేను ఒత్తి పట్టుకునే ఉన్నాను, అదే నెట్టేస్తోంది."

నా ఒళ్ళు మండిపోయింది. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికెవడో! హెడ్మాస్టరమ్మ నా వైపు తిరిగి, "కొలతలన్నీ మొదట్నుంచీ మళ్ళీ చూడు," అంది. చూశాను. గుంటకు గుంట, గడ్డకు గడ్డ. తప్పు లేదు. లేదని కాగితం మీద రాసి ఇచ్చాను గానీ, దాంతో నాకేం ఊరట కలగలేదు. ఆ సాయంత్రం బల్ల దగ్గర బావ నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు, ముఖం చూడకుండా. నేనూ ముఖం చూడకుండానే తాగాను. మధ్యలో కూర్చున్న అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మా అక్క ఈతకొలనులో పిల్లలకూ పెద్దలకూ ఈత నేర్పుతుంది. నాలుగేళ్ళ బుడ్డివాడి దగ్గర్నుంచి బట్టతల ముసలాయన దాకా ఆవిడ ఈలకు హడలి చస్తారు. అలాంటి మనిషి, మర్నాడు మేడ మీద బట్టలు ఆరేస్తూ, గొంతు తగ్గించి అంది.

"ఒసే, ఒకటి అడుగుతాను. కాదనకు."

"ముందు అడుగు."

"ఆ రాయిని ఇంకాస్త మొండిదిగా చెయ్యవే. మీ బావకి చస్తే అందకుండా."

చేతిలో ఉన్న దుప్పటి జారి కింద పడింది. "నీకేమైనా మతి పోయిందా?"

"పోయింది. ఆయన పేరిచ్చిన రోజే పోయింది. నీళ్ళలో ఎవరైనా మునుగుతుంటే దూకి జుట్టు పట్టుకుని లాగుతాను. అక్కడికి ఎలా దూకమంటావే? నాకు భయంగా ఉంది. పేపర్లో ఫొటోలొద్దు, చప్పట్లొద్దు. నాకు మనిషి కావాలి." కళ్ళు తుడుచుకోలేదు, తడి చొక్కాను ఫటేలుమని విదిలించింది.

"కొలతలు మార్చనక్కా. ఆ రాయి మీదే చిట్టి కూడా నేర్చుకుంటున్నాడు. అబద్ధం రాయి మీద నేర్చుకుని నిజం రాయి మీదికి పోయినవాడు తిరిగి రాడు. వాడికీ ఇంట్లో మనుషులున్నారు."

అక్క దుప్పటి తీసి మట్టి దులుపుతూ, "సర్లే, మార్చకు. ఆయనకి ఎలాగూ పట్టుబడటం లేదుగా," అంది. "నువ్వు నోరు మూసుకుని ఉంటే చాలు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, అందుకని చెబుతున్నా."

నోరు మూసుకోవడం నా ఉద్యోగ ధర్మం. అప్పటిదాకా దాన్ని గర్వంగానే మోశాను. ఆ రోజు నుంచి అదే మౌనం అక్క కోరిక కూడా అయి కూర్చుంది. ఇప్పుడు నేను ఊరుకుంటున్నది ఎవరి కోసమో నాకే తెలియకుండా పోయింది. కక్కలేను, మింగలేను.

ఎండలు బాగా ముదిరాక ఒక మధ్యాహ్నం, ఇంటివాళ్ళందరినీ షెడ్డుకు పిలిచారు. ఏటా అలా పిలుస్తారు, పిల్లలు కుర్చీలో కూర్చుని స్టిక్ తిప్పి మురిసిపోతారు. అక్క రానంది. బావ బతిమాలితే వచ్చింది. ముందు బావ కూర్చుని దిగి చూపించాలి. అందరూ తెర వైపే చూస్తున్నారు, అంత పెద్ద నల్లరాయి మీదమీదకు వస్తుంటే ఎవరు మాత్రం చూపు తిప్పుకుంటారు? నేను గాజుగదిలోంచి అక్కను చూశాను. ఆవిడ తెర చూడటం లేదు. బావ చెయ్యి చూస్తోంది. ఈత నేర్పేవాళ్ళు నీళ్ళు చూడరు, మనిషిని చూస్తారు.

ఓడ తగిలింది. తేలిపోయింది. జనం "అయ్యో" అన్నారు. అక్క మాత్రం కళ్ళు చిట్లించి ఇంకా బావ బొటనవేలినే చూస్తోంది.

"మీరూ కూర్చోండమ్మా, సరదాగా," అంది హెడ్మాస్టరమ్మ.

అక్క కూర్చుంది. ఏ మీట దేనికో బావే నవ్వుతూ చెప్పాడు. ఓడ ఆ పక్కకూ ఈ పక్కకూ తూలింది, పిల్లలు కిసుక్కుమన్నారు. ఎలాగో రాయి దగ్గరికి తెచ్చింది. తగిలింది. నా తెర మీద, చేతి ఒత్తిడి చూపే గీత సన్నగా వణికింది గానీ కింద పడలేదు. ఆవిడ వేలు వదల్లేదు. కొక్కేలు దిగినట్టు పచ్చదీపం వెలిగింది.

షెడ్డంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది బావే. "చూశారా మా ఆవిణ్ణి!" అంటూ అటూ ఇటూ తిరిగాడు. ఆయనా తెరే చూశాడు గానీ ఆవిడ చెయ్యి చూడలేదు.

"ఏం చేశారు మీరు?" హెడ్మాస్టరమ్మ అడిగింది, అక్క ముఖంలోకే చూస్తూ.

"ఏమోనండీ. గుడ్డిదెబ్బ," అంది అక్క. అని గాజుగదిలో ఉన్న నా వైపు చూసింది. ఈవిడకు తెలిసిపోయింది.

ఇంటికి వచ్చాక బావ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏమ్మా, ఆ రోజు మీటింగులో నోరుజారాను. తప్పు నాదే." రాయి మాట ఎత్తకుండానే రాయి సరైనదని ఒప్పుకున్నాడు. నాకు సంతోషం కలగాలిగా? కలగలేదు. అప్పటిదాకా ఆయనకు కోపం తెచ్చుకోవడానికి రాయైనా ఉండేది. ఇప్పుడు తను తప్ప ఎవరూ మిగల్లేదు.

తర్వాత అక్కను అడిగాడు. "నిజంగా చెప్పు. ఎలా చేశావ్?"

"గుర్తులేదండీ."

"ఏదో ఒకటి చేసుంటావుగా!"

"కూరలో ఉప్పెంత వేశానో అడిగితే చెప్పగలనా? ఇదీ అంతే." చెప్పి వంటింట్లోకి పోయింది. నేనూ వెనకాలే పోయాను.

"నువ్వు చూశావు," అన్నాను మెల్లగా.

"నువ్వూ చూశావు."

"నాకు గోడ ఉంది."

"నాకు మొగుడున్నాడు," అంది అక్క. "పో, పోయి కంచాలు పెట్టు."

ఆ తర్వాత రోజులెలా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ ఊపిరాడదు. బావ మంచం అంచు మీద, కుర్చీ చేతి మీద, ఎక్కడ పడితే అక్కడ వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. అక్క చూడనట్టు పక్కనుంచి పోయేది. ఆవిడ చేతిలో రెండు గాజుగ్లాసులు పగిలాయి. ఈతకొలనులో ఒక పిల్లను అకారణంగా తిట్టి, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి బుజ్జగించి వచ్చింది. ఇంట్లో ముగ్గురం. ముగ్గురిలో ఇద్దరికి తెలుసు, మూడోవాడి బతుకు ఆ ఒక్క మాట మీద ఆగి ఉంది. ఆయన ఉప్పు అందించమంటే మేమిద్దరం ఒకేసారి చెయ్యి చాచేవాళ్ళం.

ఆఖరి పరీక్ష ముందురోజు సాయంత్రం, అన్నం దగ్గర బావే తేల్చేశాడు.

"పొద్దున్నే వెళ్ళి పేరు వెనక్కి తీసుకుంటాను. చిట్టి వెళ్తాడు. వాడు మంచివాడు, చేతనైనవాడు. అందరి ముందూ రేపు కూడా తేలిపోయి, పరువు పోగొట్టుకోవడం దేనికి?" అక్క వైపు తిరిగి నవ్వాడు. "నీకు సంతోషమేగా?"

"సంతోషమే," అంది అక్క.

అనుకున్నది అయింది. ఆవిడ కోరిందీ, నా నియమం కోరిందీ, అన్నీ ఎవరి చెయ్యీ పడకుండా వాటంతట అవే అయ్యాయి. అయినా ఆ రోజు మా ముగ్గురి కంచాల్లోనూ అన్నం అలాగే మిగిలిపోయింది.

తెల్లారింది. ముగ్గురం కారు దగ్గరికి వెళ్ళాం. దారిలో అక్కను కొలను దగ్గర దింపి మేం షెడ్డుకు పోవడం రోజూ ఉన్నదే. బావ డ్రైవింగ్ సీటు తలుపు తీశాడు. తీసి, అలాగే నిలబడ్డాడు. తర్వాత తాళాలు అక్క చేతిలో పెట్టాడు.

"నువ్వు నడుపు. నా చేతిని నేను నమ్మడం లేదు."

తన కారును ఇంకొకరి చేతికి ఇచ్చే రకం కాదాయన. జ్వరంతో మూలుగుతూ కూడా తనే ఆసుపత్రికి నడుపుకుపోయిన మనిషి. అటు తిరిగి వెళ్ళి పక్క సీట్లో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ముసలాయనలా కూర్చున్నాడు. అక్క తాళాలు చూసింది. ఆయన్ని చూసింది. ఎక్కి కారు తీసింది.

కొలను గేటు దగ్గర ఆపి, "దిగండి," అంది.

"నేనెందుకు? నువ్వు దిగితే..."

"చెప్పింది చెయ్యండి. చొక్కా తీసి నీళ్ళలోకి దిగండి."

పిల్లలింకా రాలేదు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. బావ ఏమనుకున్నాడో ఏమో, ఎదురు చెప్పకుండా దిగాడు. అక్క కట్టుకున్న బట్టలతోనే దూకి, ఆయనకు ఎదురుగా నిలబడి అరచెయ్యి చాచింది. గొంతు మారిపోయింది, రోజూ పిల్లలతో మాట్లాడే గొంతు.

"ఇది రాయి అనుకో. తేలుతూ వచ్చి చెయ్యి ఆనించు. ఆనించి ఒత్తు."

వచ్చి ఆనించాడు.

"ఒత్తుతున్నావా?"

"ఒత్తుతున్నాను."

"లేదు. వదిలేశావు. మళ్ళీ రా."

మళ్ళీ వచ్చాడు. "ఇప్పుడు?"

"ఒత్తుతూనే ఉన్నానే!"

"వదిలేశావయ్యా! నా చేతికి తెలుస్తోంది. ఒక్కసారి నీ వేళ్ళు చూసుకో."

బావ చూసుకున్నాడు. అక్క అరచేతి మీద ఆయన వేళ్ళు నిద్రపోతున్నవాడి వేళ్ళలా వాలిపోయి ఉన్నాయి. చాలాసేపు వాటినే చూశాడు. నీళ్ళలో ఆయన ఒళ్ళు మెల్లగా వెనక్కి జరిగిపోతోంది.

"తగలగానే వదిలేస్తావు. అక్కడా అంతే," అంది అక్క.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఆ కుర్చీలో నేను కూర్చోకముందు నుంచే."

బావ నా వైపు తలెత్తాడు. నేను గట్టు మీద నిలబడి, ఏం చెయ్యాలో తోచక చెప్పులు చూసుకున్నాను. ఆయన మళ్ళీ వెనక్కి వెళ్ళి, తేలుతూ వచ్చి, చెయ్యి ఆనించాడు. మళ్ళీ. మళ్ళీ. అక్క తల అడ్డంగా ఊపడం, ఆయన వెనక్కి పోవడం. చివరికోసారి ఆవిడ తల ఊపలేదు. బావ నీళ్ళలోంచి లేచి, తల కూడా తుడుచుకోకుండా, డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు.

షెడ్డులో ఆయన కుర్చీ ఎక్కేసరికి జుట్టులోంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. పేరు వెనక్కి తీసుకునే మాటే ఎత్తలేదు. నేను గాజుగదిలో కూర్చుని నా రాయిని ఎక్కించాను. ఒకటికి రెండుసార్లు తప్పు మీట నొక్కాను.

రాయి పెద్దదవుతూ వచ్చింది. ఓడ నీడ దాని మీద పడింది. తగిలింది. నేను గీతనే చూస్తున్నాను. ఇన్నాళ్ళూ అక్కడే కదా అది ధబేలున పడిపోయేది. వణికింది. పడబోయింది. పడలేదు. సన్నగా, మొండిగా, అలాగే నిలబడింది. పచ్చదీపం వెలిగింది.

"మళ్ళీ," అంది హెడ్మాస్టరమ్మ.

మళ్ళీ నిలబడింది. చీకటి వైపునుంచి రమ్మంది, ఒక ఇంజను ఆపేసి రమ్మంది. చిట్టి జారిపోయిన చోట కూడా బావ ఓడ జిగురు పూసినట్టు అతుక్కుంది. హెడ్మాస్టరమ్మ మైకు పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి నడిచింది.

"ఎవరు చెప్పారు?" అని ఆయన్ని అడుగుతూ నన్ను చూసింది.

"మా ఆవిడ," అన్నాడు బావ.

"ఆవిడకెవరు చెప్పారు?"

"నా చెయ్యే చెప్పిందిట."

హెడ్మాస్టరమ్మ ఆయన తడి జుట్టునూ, నా ముఖాన్నీ కాసేపు చూసింది. "పెళ్ళాలకి మనం గోడ కట్టలేదు," అంది చివరికి. చిట్టి తలవంచి లోపలికి వచ్చి బావను వాటేసుకున్నాడు. చోటు బావది.

అక్క బయట మెట్ల మీద కూర్చుని ఉంది. పాఠాలు మానేసి వచ్చినట్టుంది, బట్టలు ఒంటి మీదే ఆరిపోయాయి. నన్ను చూసి లేచింది.

"ఆనిందా?"

"ఆనిందక్కా."

"అన్నిసార్లూ?"

"అన్నిసార్లూ."

మళ్ళీ మెట్టు మీద కూలబడింది. "నా నోరు పడిపోను! నా నోరు పడిపోను!" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. పుట్టి బుద్ధెరిగాక మా అక్క అలా ఏడవడం నేను చూడలేదు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నాకూ ఆయన వెళ్ళడం ఇష్టం లేదు.

బావ వచ్చి కింది మెట్టు మీద నిలబడ్డాడు. అక్క ముక్కు చీదుకుంది గానీ తలెత్తలేదు.

"ఇన్నాళ్ళు నీ కళ్ళెదుటే తంటాలు పడుతూ ఉంటే ఊరుకున్నావు," అన్నాడు.

"ఊరుకున్నాను."

"నేను పిచ్చివాణ్ణయిపోతున్నానని తెలిసి కూడా."

"తెలిసే."

"మరి పొద్దున్న ఎందుకు చెప్పావు? మానేస్తానన్నాగా. నువ్వు గెలిచావుగా."

"ఆ గెలిచిందాన్ని చూడండి, ఎలా ఉందో!" అక్క గయ్యిమంది. "తాళాలు నా చేతిలో పడేసి అలా కూర్చున్నారే, ఆ మనిషిని ఇంట్లో పెట్టుకుని నేనేం చేసుకోను? నాకు కావలసింది ఆయన కాదు." షెడ్డు వైపు చెయ్యి విసిరింది. "వెళ్ళండి. వెళ్ళి తగలడండి."

బావ కోపం పోలేదు, దవడ బిగిసే ఉంది. ఆవిడ కోపమూ పోలేదు. అలా ఇద్దరూ ఎండలో ఉండిపోయారు.

"ఎప్పుడు బయల్దేరాలి?" అక్క అడిగింది, చెంగుతో ముఖం తుడుచుకుని.

"వానలు పట్టగానే."

"అయితే ఇంకా రోజులున్నాయి." అరచెయ్యి చాచింది. "ఆనించండి."

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఆనించి ఒత్తండి."

బావ ఆవిడ అరచేతికి తన చెయ్యి ఆనించాడు. లోపల్నుంచి బయటికి వచ్చేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని, వింతగా చూస్తూ మెట్లు దిగి పోతున్నారు.

"ఇంకాస్త," అంది అక్క. "ఆ. అలా. నేను చెప్పేదాకా తియ్యకండి."

ఎంతసేపటికీ చెప్పలేదు.